తలుపుల్లేని పిన్ని

మా పిన్నికి తలుపులంటే గిట్టదు. వీధి తలుపునీ స్నానాలగది తలుపునీ కుటుంబమంతా కూర్చుని, బతిమాలి కాపాడుకున్నాం. మిగతావన్నీ ఊడిపోయాయి. వంటింటి అల్మారాలకు తలుపుల్లేవు. బట్టల బీరువాకు లేవు. చెప్పుల స్టాండుకు లేవు. మందుల పెట్టెకు మూత లేదు. సొరుగులు బల్లలోంచి బయటికొచ్చి, సగం తెరిచిన అగ్గిపెట్టెల్లా బల్లమీద పేర్చి ఉంటాయి. ఆ ఇంట్లో అడుగుపెడితే ఇల్లు నోరు తెరిచి మనతో ఏదో చెప్పబోతున్నట్టుంటుంది. చెప్పబోయిన మాట దానికే గుర్తులేక అలాగే ఉండిపోయినట్టుంటుంది.

"కనపడనిది నాకు లేనట్టేరా" అంటుంది పిన్ని. ఇదేదో వేదాంతం అనుకునేరు. బంగాళాదుంపల సంగతి. అవి అల్మారాలో పెట్టి తలుపు వేసిన క్షణంలోనే పిన్ని లెక్కలో ఈ లోకం విడిచిపోయేవి. మర్నాడు కొత్తవి కొనేది. వాటినీ లోపల పెట్టి తలుపు వేసేది. కొన్నాళ్ళకు లోపలివి మొలకెత్తి, తీగలు సాగి, తలుపును వాటంతటవే తోసుకుని వంటింట్లోకి తొంగిచూశాయి.

"పోనీలే, నువ్వు మర్చిపోయినా అవి నిన్ను మర్చిపోలేదు" అన్నాడు బాబాయి.

ఇంట్లో ఉన్నది ఇద్దరే. రెయిన్‌కోట్లు మాత్రం ఒక ఫుట్‌బాల్ జట్టుకు సరిపడా ఉండేవి. వాన పడ్డప్పుడల్లా ఒకటి కొనేది, ఎండ కాయగానే లోపల పెట్టేది. బాబాయి కళ్ళ డాక్టరు. పెళ్ళయిన కొత్తలో పిన్ని కళ్ళు పరీక్ష చేసి, ఏ లోపమూ కనిపించక, "కళ్ళు శుభ్రంగా ఉన్నాయి. మరి నేను బాల్కనీలో ఉండగా గొళ్ళెం ఎందుకు పెట్టావు?" అని అడిగాడట. "మీరున్నారని తలుపు వేశాక తెలీలేదండీ" అందట పిన్ని. అప్పట్నుంచి ఆయన హాల్లో, అందరికీ కనిపించే కుర్చీలోనే కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

ఇంతకీ పిన్ని చేసిన ఉద్యోగం ఏమిటంటే, సిటీ బస్సులకు వేళలు నిర్ణయించడం. ఆవిడ వేసిన పట్టిక ప్రకారం జనమంతా వేళకు ఆఫీసులు చేరేవారు, ఆవిడ తప్ప. బస్సు కదులుతుంటే చెప్పు చేత్తో పట్టుకుని పరుగెత్తేది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "మేడమ్, మీరు రాసిన టైముకే బయల్దేరానండీ" అనేవాడు.

"తెలుసయ్యా. టైము కరెక్టే, మనిషే తేడా" అనేది పిన్ని వగరుస్తూ.

నలభై దాటాక ఒక మానసిక వైద్యురాలు ఈ మనిషికి ఉన్న తేడా ఏమిటో చెప్పింది. ఏడీహెచ్‌డీ. శ్రద్ధ లేకపోవడం కాదట. శ్రద్ధ బోలెడంత ఉంది, దాన్ని అనుకున్న వైపు తిప్పే స్టీరింగే వదులుగా ఉంది. పుట్టుకతో వచ్చిందే తప్ప పొగరుతో వచ్చింది కాదు. మందులున్నాయి, మార్గాలున్నాయి. పిన్ని ఇంటికొచ్చి చాలాసేపు కిటికీ దగ్గర కూర్చుంది. బయట వెలుతురు ఆకుల మీద నుంచి ఆకుల మీదకు దూకుతూ, ఏ ఒక్కదాని మీదా నిలవకుండా ఆడుతోంది. దాన్నెవరూ తిట్టడం లేదు.

"ఇన్నాళ్ళూ నా పేరు బద్ధకం, ఇంటిపేరు నిర్లక్ష్యం అనుకున్నానండీ" అంది చివరికి.

"మరి ఇప్పుడో?" అన్నాడు బాబాయి.

"ఇప్పుడు స్క్రూడ్రైవర్ ఎక్కడుందో చూడండి."

అది సొరుగులో ఉంది. దాని పక్కనే ఇంకో మూడున్నాయి, కొని మర్చిపోయినవి. తలుపుల పతనం ఆ సాయంత్రమే మొదలైంది.

సొంత ఇంటితో ఆగితే ఆవిడ పిన్ని ఎందుకవుతుంది? హ్యాండ్‌బ్యాగులో అద్దం, దువ్వెన లేకపోయినా స్క్రూడ్రైవర్ ఉండేది. మా మేనత్త కొత్త ఇల్లు కట్టుకుంది. ఎక్కడ గోడ అయిపోయి ఎక్కడ అల్మారా మొదలవుతుందో తెలియని వంటిల్లు. పిన్ని అక్కడ నిలబడి, రోగిని చూసిన డాక్టర్లా తల పంకించింది.

"వదినా, ఈ తలుపు వెనక ఏముంది?"

"ఏమో, చూడాలి."

"దీని వెనక?"

"చూడాలి వదినా."

"చూశావా, నీ ఇల్లు నీకే తెలీదు" అంటూ బ్యాగు జిప్పు లాగింది.

మేనత్త ముందుగదిలోకి కాఫీలిచ్చి వచ్చేసరికి నాలుగు తలుపులు, తరగతి బయట నిలబెట్టిన పిల్లల్లా, గోడకు ఆనుకుని ఉన్నాయి. మేనత్త కొన్నాళ్ళు పిన్నితో మాట్లాడలేదు. తలుపులు మాత్రం తిరిగి పెట్టించలేదు. పాత ఇంట్లోనే పోయిందనుకున్న మిక్సీ జార్ ఆ రోజే దొరికింది మరి.

తర్వాత పిన్ని ఉద్యోగం మానేసి, కోర్సు చేసి, తనలాంటి వాళ్ళకు కోచ్‌గా మారింది. ఆవిడ చెప్పేవి వింటే ఇంత చిన్నవా అనిపిస్తుంది. మందుబిళ్ళ టూత్‌బ్రష్ పక్కన పెట్టుకో. సంచి గుమ్మానికి వేలాడదీయి, బయటికెళ్ళేటప్పుడు తలకు తగలాలి. పెద్ద పని మొదలుపెట్టలేకపోతే, అందులో నవ్వొచ్చేంత చిన్న ముక్క మొదలుపెట్టు. ఒంటరిగా చేయలేకపోతే ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకో, వాళ్ళు సాయం చేయక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు.

మా కుటుంబంలో ఇంకో శిక్షకుడు కూడా ఉన్నాడు. మా అన్నయ్య. కంపెనీల వాళ్ళు హాలు నిండా ఉద్యోగుల్ని కూర్చోబెడితే, వెళ్ళి కాలాన్ని ఎలా వాడుకోవాలో బోధిస్తాడు. "రోజుకి ఇరవై నాలుగు గంటలు అందరికీ సమానమే" అని మొదలుపెడతాడు. ఈ వార్త విని ఉద్యోగులు చప్పట్లు కొడతారు. ఆ గంటల్లో ఒకటి ఆయనకే ఇచ్చేశామని ఎవరికీ తోచదు. టై లేకుండా ఆయన్ని మేం చూసింది చిన్నప్పుడే. మాట్లాడే ముందు "ఒక్క మాట చెప్పనా?" అంటాడు. ఆ ఒక్క మాటకు స్లైడ్లుంటాయి.

ఈ ఇద్దరు గురువుల మధ్యా పడ్డది మా చెల్లెలు.

చెల్లికి నాలుగు వీధుల కూడలిలో చిన్న కుట్టు దుకాణం ఉంది. కత్తెర పట్టుకుంటే తిండి, నీళ్ళు గుర్తుండవు. బట్ట దాని చేతుల్లో నీళ్ళలా జారి, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగుతుంది. ఒళ్ళు కుడుతుంది, కాలరు కుడుతుంది, ఒక చేయి కుడుతుంది. అక్కడితో ఆగిపోతుంది.

"ఒక చేయి కుట్టాక రెండోది ఎలా ఉంటుందో తెలిసిపోతుంది చిన్నన్నయ్యా" అంది ఓసారి నాతో. "తెలిసిపోయిన దాన్ని మళ్ళీ కుట్టాలంటే, చూసేసిన సినిమాకి మళ్ళీ టిక్కెట్టు కొన్నట్టుంటుంది."

దాంతో ఒంటి చేతి బట్టలన్నీ దుకాణం వెనకగదిలోని పెద్ద బీరువాలోకి వెళ్ళేవి. తలుపు పడేది. బట్టలిచ్చినవాళ్ళు వచ్చి అడిగితే చెల్లి నిజంగా ఆశ్చర్యపోయేది. ఒకాయన ఓపిక నశించి, ఉన్న చేయితోనే కోటు పట్టుకుపోయి ఫొటో దిగాడు. ఆ ఫొటోలో ఆయన పూలకుండీని అంత ప్రేమగా ఎందుకు కౌగిలించుకున్నాడో మాకు మాత్రమే తెలుసు.

చెల్లినీ ఆ వైద్యురాలికి చూపించాం. ఆవిడ అదే పేరు చెప్పింది, మందు రాసింది. అన్నయ్యకు అది నచ్చలేదు. "జబ్బూ లేదు, గిబ్బూ లేదు. దీనికి కావలసింది ప్లాను" అని ఒక ప్లానరు, రంగు పెన్నులు, ఫోన్లో గంటగంటకీ హెచ్చరించే యాప్ ఇచ్చి వెళ్ళాడు. చెల్లికి రంగులంటే ప్రాణం. రెండు రోజులు కూర్చుని ఆ ప్లానరుకు అద్దకం పనంత అందంగా రంగులేసింది. మూడోరోజు ఫోను మోగింది. ఎక్కడ మోగిందో తెలీలేదు. గుడ్డలకుప్పలో ఎక్కడో కప్పలా అరుస్తూనే ఉంది. అది దొరికేసరికి వెతకడంలోనే సాయంత్రమైంది.

"చూశావా, యాప్ పనిచేస్తోంది. నువ్వే చేయట్లేదు" అన్నాడు అన్నయ్య.

అలాంటి రోజుల్లో సంగీత పాఠశాల నుంచి ఒక మేడమ్ వచ్చి, తను నడిపే బృందగానం వాళ్ళందరికీ కోట్లు కుట్టమంది. నీలం రంగు. ఆ నీలం చూసి చెల్లి ముందూవెనకా ఆలోచించకుండా ఒప్పేసుకుంది. ఆదివారం కచేరీ అనగా, ఆ వారం మొదట్లో మేడమ్ వచ్చి అడిగింది.

"అయిపోయాయామ్మా?"

"అయిపోయినట్టేనండీ" అంది చెల్లి, బీరువాకు వీపు ఆనించి.

అన్నీ ఒంటి చేతివే.

సంగతి తెలిసి అన్నయ్య వచ్చాడు. "ఒక్క మాట చెప్పనా? ఈసారీ మాట పోగొట్టుకుంటే ఈ దుకాణం మూసెయ్. మా ఆఫీసులో రిసెప్షన్లో కూర్చో. వచ్చినవాళ్ళకి నమస్కారం పెట్టడమే పని. అదైనా రెండు చేతులతో పెట్టు."

చెల్లి ఎదురు మాట్లాడితే నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి. అది మాట్లాడలేదు. అన్నయ్య వెళ్ళాక, మిషను మీద రాలిన దారప్పోగుల్ని ఏరుతూ, "పెద్దన్నయ్య చెప్పిందే నిజం. నాకిది చేతకాదు. ఆదివారం ఇవ్వలేకపోతే నేనే తాళం వేసేస్తాను" అంది. కత్తెరను ఎవరికో ఇచ్చేస్తున్నట్టుగా నా వైపు జరిపింది.

"పిన్ని దగ్గరికి పోదాం పద" అన్నాను.

"తిడుతుందేమో."

"తిట్టాలని ఆవిడకి గుర్తుండొద్దూ?"

వస్తున్నామని పిన్నికి ఫోన్ చేసి, మర్నాడు పొద్దున్నే వెళ్ళాం. పిన్ని ఇల్లు ఆ రోజు గాలివాన వెలిసిన రేవులా ఉంది. సోఫా మీద జల్లెడ, జల్లెడలో సాక్సులు. టీవీ మీద పళ్ళెం. సగానికే రంగు వేసి వదిలేసిన కుర్చీ. ఒక కాలి చెప్పు అలమరలో పుస్తకాల పక్కన, చదువుకుంటున్నట్టు. వీటన్నిటి మధ్యా పసుపుపచ్చ స్వెటరొకటి, ఒక చేయి పూర్తయి, రెండో చేయి దగ్గర సూదులు వేలాడుతూ పడి ఉంది.

"రండి, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చోండి. లేకపోతే తయారుచేసుకోండి" అంది పిన్ని.

చెల్లి గుమ్మంలోనే నిలబడి అంతా చూసింది. బిగుసుకున్న దాని భుజాలు నెమ్మదిగా కిందికి దిగాయి. స్వెటరు చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "పిన్నీ, ఇదీ ఒక్క చేతిదేనా?" అంది.

"మరి? రెండో చేయంటే నాకు పరమ విసుగే."

చెల్లి నవ్వింది. దాని నవ్వు విని నాకు చాలా రోజులైంది. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే అంతా చెప్పేసింది, బీరువాకు వీపు ఆనించడంతో సహా. పిన్ని ఒకటే ప్రశ్న వేసింది.

"ఆ బీరువాకి తలుపులున్నాయా?"

"ఉన్నాయి పిన్నీ."

"అదీ సంగతి. పదండి."

బందులు ఊడదీయడం ఆవిడకు ఎంతసేపు. తలుపులు వీధిలోకి వెళ్ళాయి, కోట్లు తాళ్ళ మీదకెక్కాయి. గదికి అడ్డంగా నీలం నీలంగా వేలాడుతూ, తరగతిలో ఒకే చేయి ఎత్తిన పిల్లల్లా ఉన్నాయి. చెల్లి మిషను ముందు కూర్చుంది. బాగానే మొదలుపెట్టింది. కాసేపటికి చూస్తే గుండీల డబ్బా ముందేసుకుని, గుండీలను ఛాయల వారీగా సర్దుతోంది. గచ్చు మీద చిన్న ఇంద్రధనుస్సు తయారైంది.

పిన్ని తిట్టలేదు. ఇంద్రధనుస్సును మెచ్చుకుంది.

"కోటు కనపడితే చాలదే నీకు. తొడుక్కునే మనిషి కనపడాలి" అని మేడమ్‌కి ఫోన్ చేసింది. "అమ్మా, మీ రిహార్సల్ ఇవాళ్టి నుంచి మా దుకాణంలో పెట్టుకోండి. ఆ, అందర్నీ తీసుకురండి."

చెల్లి మొహం పాలిపోయింది. "పిన్నీ, వాళ్ళంతా చూసేస్తారు."

"చూడనీవే. ఇన్నాళ్ళూ దాచడానికి పడ్డ కష్టంలో సగం చాలు, కుట్టడానికి."

మేడమ్ వచ్చింది. తాళ్ళ వైపు చూసింది. చెల్లి వైపు చూసింది. "అయిపోయినట్టే అన్నావు కదమ్మా" అంది నీరసంగా.

"ఒక చేయి వరకు అయిపోయినట్టేనండీ" అంది చెల్లి. అదే మొదటిసారి, అది ఉన్నదున్నట్టు చెప్పడం.

మేడమ్ కొంచెంసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, "సరే, మొదటి వరుస వాళ్ళు కోట్లు వేసుకోండి" అంది.

ఆ దృశ్యం చూడాల్సిందే. ఒంటి చేతి కోట్లు వేసుకున్న గాయకులు గుడ్డల తానుల మీద, మెట్ల మీద, కిటికీ అంచున కూర్చుని గొంతులు సవరించుకున్నారు. ఒక్కొక్కరూ వంతు ప్రకారం వచ్చి మిషను పక్కన స్టూలు మీద కూర్చునేవారు. కోటు విప్పి ఇచ్చి, రెండో చేయి అతికే దాకా చెల్లితో కబుర్లు చెప్పేవారు. పదేపదే అదే చేయి కుడుతున్నా చెల్లికి అది అదే చేయి కాకుండా పోయింది. ఇది మందుల షాపాయన చేయి. ఆయన మందంగా, మందుసీసాలోంచి వచ్చినట్టున్న గొంతుతో కింది స్వరం పాడతాడు. ఇది రిటైరైన లెక్కల టీచరుది. ఆవిడ తాళం తప్పదు, పాటలో మాటలు మాత్రం తప్పుతుంది. చేయి పూర్తికాగానే మనిషి లేచి, రెండు చేతులూ చాపి ఒక చరణం పాడాలి. అదీ పిన్ని పెట్టిన నియమం. చరణం అయ్యాక చెల్లి వీధి చివరిదాకా నడిచి రావాలి, పని ఉన్నా లేకపోయినా. పిన్ని ఎదురుగా కూర్చుని స్వెటరు అల్లుతూ, కుట్టు గురించి ఒక్క మాటా మాట్లాడేది కాదు.

రెండోరోజు అన్నయ్య వచ్చాడు. లోపలికి రావడానికి పాటగాళ్ళ మోకాళ్ళు దాటాల్సి వచ్చింది.

"పిన్నీ, ఒక్క మాట చెప్పనా?"

"చెప్పు నాన్నా. ఈ సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పు."

అన్నయ్య సూదిని వెలుతురు కేసి ఎత్తి పట్టుకున్నాడు. దారం ఎక్కలేదు. తడి చేశాడు, మళ్ళీ ప్రయత్నించాడు. ఆ ఒక్క మాట అలాగే ఉండిపోయింది. టై వదులు చేసుకుని, మధ్యాహ్నమంతా సూదులకు దారాలెక్కిస్తూ, చెల్లి కుట్టడం చూస్తూ కూర్చున్నాడు.

శనివారం వెలుతురు ఉండగానే ఆఖరి చేయి అతికింది. ఆదివారం వేదిక మీద నీలం చేతులన్నీ ఒక్కసారి పైకి లేచాయి, చెరువు మీద పిట్టలగుంపు లేచినట్టు. మందుల షాపాయన కోటుకు మాత్రం రెండూ కుడి చేతులే పడ్డాయి. ఆయన కచేరీ అంతా ఎడమ భుజం ముందుకు తిప్పి, పక్కవాళ్ళతో రహస్యం చెబుతున్నట్టు నిలబడ్డాడు. మేడమ్ వెళ్తూ వెళ్తూ వచ్చే కచేరీకి కూడా చెల్లినే కుట్టమంది. "రిహార్సల్స్ మొదటిరోజు నుంచీ మీ దగ్గరే పెట్టుకుంటాం" అంది. చెల్లి దుకాణం తాళంచెవిని గుమ్మానికి, తలకు తగిలేంత ఎత్తులో వేలాడదీసింది.

తర్వాత ఒక సెలవురోజు చెల్లీ నేనూ చెప్పకుండా పిన్ని ఇంటికి వెళ్ళాం. వీధి తలుపు తీసి ఉంది. దాన్ని వేసి లోపలికి వెళ్ళి, వేరే ఇంటికొచ్చామేమో అనుకున్నాను. తలుపులు లేకపోవడం అలాగే ఉంది. కానీ అలమరల్లో ప్రతి వస్తువూ దాని చోట దాన్ని పడుకోబెట్టినట్టు ఒద్దికగా ఉంది. సోఫా మీద ఎండ తప్ప ఏమీ లేదు.

లోపల్నుంచి బాబాయి పెద్ద బుట్ట మోసుకొచ్చాడు. అందులోంచి జల్లెడ తీసి సోఫా మీద వేశాడు. జల్లెడలో సాక్సులు వేశాడు.

"ఆ పళ్ళెం టీవీ మీదండీ" అంటూ వచ్చిన పిన్ని మమ్మల్ని చూసి ఆగిపోయింది.

"ఎవరో కొత్తవాళ్ళు వస్తున్నారట" అన్నాడు బాబాయి నాతో, చెప్పును పుస్తకాల పక్కన జాగ్రత్తగా పెడుతూ. "తలుపుల్లేకపోవడం ఈవిడ అవసరం. ఈ చెత్త వచ్చేవాళ్ళ అవసరం. ఇల్లు సర్దడం ఈవిడ నేర్చుకుని చాలా కాలమైంది. పాడుచేయడానికే నా సాయం కావాలి."

నేను పిన్ని వైపు చూశాను. ఆవిడ తప్పు దొరికిపోయిన పిల్లలా కొంగు సర్దుకుంది.

"మరేం చేయనురా? వచ్చేవాళ్ళంతా గుమ్మంలోనే చచ్చేంత సిగ్గుతో నిలబడతారు. లోపల అద్దంలా ఉంటే అట్నుంచటే వెళ్ళిపోతారు. తనకన్నా ఘోరమైన మనిషి ఇంకొకరున్నారని తెలిస్తే కూర్చుంటారు." చెల్లి వైపు తిరిగి, "నీ దగ్గరా దాచానే. ఏమనుకోకు" అంది.

"నాకు ఆ రోజే తెలుసు పిన్నీ" అంది చెల్లి. "కొత్త ఊలు తిన్నగా ఉంటుంది. నీ స్వెటరు రెండో చేతి దగ్గర వేలాడే ఊలంతా వంకీలు తిరిగి ఉంది. అల్లినదాన్ని విప్పితేనే అలా ఉంటుంది. నేను కుట్టేదాన్ని కదా."

"తెలిసి ఊరుకున్నావా?"

"ఒక చేయంతా అల్లి, నాకోసం విప్పేసుకున్నావు. ఇంక నేను కుట్టకుండా ఎలా ఉండను?"

అంతలో వీధి తలుపు గంట మోగింది. అందరం ఒక్కసారి కంగారుపడ్డాం. ఇల్లు ఇంకా చాలా శుభ్రంగా ఉంది. బాబాయి దిండ్లు కింద పడేశాడు. చెల్లి తన సంచి బోర్లించి, గుండీలూ దారపు ఉండలూ గది మధ్యకు దొర్లించింది. నేను చేసేదేం లేక నీట్‌గా ఉన్న నా చొక్కా ఒక పక్క బయటికి లాగుకున్నాను. పిన్ని తలుపు తీసింది.

గుమ్మంలో అన్నయ్య. టై ఉంది, ముడి ఒక పక్కకు జారి ఉంది. మమ్మల్ని చూసి వెనక్కి ఒక అడుగు వేశాడు.

"ఇటువైపు పనుండి వచ్చాను పిన్నీ. వచ్చాను కదా అని. నా స్నేహితుడొకడున్నాడు. మంచి ఉద్యోగం. అందరికీ చెప్పే స్థాయిలో ఉన్నాడు. కానీ వాడి పనులే, అంటే, మొదలుపెట్టినవి..." ఆ ఒక్క మాటకు స్లైడ్లు లేవు. ఎక్కడ ఆపాలో తెలియక అక్కడే ఆగిపోయాడు. అతని కళ్ళు జల్లెడ మీద, సాక్సుల మీద, గచ్చంతా దొర్లుతున్న గుండీల మీద మెల్లగా తిరిగాయి.

చెల్లి నా మొహం చూడకుండా వంగి, ఒక కుర్చీ ముందున్న గుండీలు మాత్రం పక్కకు తుడిచింది.

"అలాగా" అంది పిన్ని. "ముందు ఆ స్నేహితుణ్ణి లోపలికొచ్చి కూర్చోమను నాన్నా. ఎన్నాళ్ళనుంచి నిలబడున్నాడో, కాళ్ళు లాగుతుంటాయి."